నా ఓటు నేనే వేస్తానన్న రోజు

మా వీధిలో ఎవరికి ఏ పని పడినా అన్నాచ్చి దగ్గరికే వెళ్ళేవాళ్ళం; పెద్దన్న అన్నట్టు అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు. ఆయనకు పదవి ఏమీ లేదు. ఏ పార్టీ గెలిచినా ఆయన మాట మాత్రం చెల్లేది. పత్తి జిన్నింగ్ మిల్లులో మా ఆయన చేయి నలిగినప్పుడు మదురై ఆసుపత్రిలో మంచం ఇప్పించింది కూడా ఆయనే, ఒక్క ఫోనుతో.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో వంట ముగించుకుని బడిలోని బూత్‌కు వెళ్ళాను. అధికారి నా చీటీ చూసి, "మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు. సిరా లేని వేలు చూపించాను. పార్టీల ఏజెంట్లు తలలు దించుకున్నారు. వెనక్కి తిరగబోతుంటే వరుసలో ఉన్న పక్కింటి అక్క గట్టిగా అంది:

"ఎందుకు పోతా ఉండావు చెల్లీ? మన ఓటు ఇంకొకరు వేసేసినా మనకు వేరే ఓటు కాగితం ఇయ్యాలంట. టీవీలో చెప్పినారు!"

అధికారి నిబంధనల పుస్తకం తిరగేసి కాగితం ఇచ్చాడు. దాన్ని కవరులో పెట్టి సీలు వేస్తామని, కోర్టు అడిగితే తప్ప లెక్కలోకి రాదని చెప్పాడు. అయినా వేస్తానని చెప్పి, వేసి వచ్చాను.

బయట అన్నాచ్చి బండి మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు అప్పటికే సంగతి తెలిసిపోయింది.

"ఏమ్మా, ఒక ఓటుకు ఇంత గలాటానా? నీకు ఎండలో శ్రమ వద్దని మనవాళ్ళే వేసినారు."

"అన్నాచ్చీ, ఆసుపత్రిలో మీరు చేసింది మేము మరవలేదు. ఓటు మాత్రం నేనే వేస్తాను" అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన తల పట్టుకున్నాడు. "రేపు మళ్ళీ ఏమన్నా అయితే ఎవరి దగ్గరికి పోతాము?" అయినా తాలూకా ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. పక్కింటి అక్క తోడు వచ్చింది. తర్వాత అలాగే ఓటు పోగొట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు. దొంగ ఓట్లు వేయించాడని, ఓటర్లను బెదిరించాడని అన్నాచ్చి మీద పోలీసులు కేసు పెట్టారు. తనకేమీ తెలియదంటాడు ఆయన. కేసు ఇంకా నడుస్తోంది.

ఈమధ్య మా ఆయన వికలాంగుల పింఛను ఆగిపోయింది. మునుపైతే అన్నాచ్చి ఇంటికి పరుగెత్తేవాళ్ళం. ఈసారి మా ఆయన ఒక్కడే టౌన్ బస్సెక్కి తాలూకా ఆఫీసుకు వెళ్ళాడు. రెండుసార్లు తిప్పారు. మూడోసారి పని అయింది.

"ఎవరి పేరు చెప్పినావు?" అని అడిగాను.

"నా పేరే చెప్పినాను" అన్నాడు, చెప్పులు విడుస్తూ.

ఆ సాయంత్రం పక్కింటి అక్క తన ముసలివాళ్ళ పింఛను సంగతి అడగడానికి వచ్చింది. ఏ గదిలోకి వెళ్ళాలో, ఏమని అడగాలో మా ఆయన ఓపిగ్గా చెబుతుంటే, నేను ముగ్గురికీ కాఫీ కలిపాను.