పలకరింపులు లెక్కలోకి రావు

మొన్న మా కోడలు నాకో కొత్త ఫోను కొనిపెట్టింది. పాతదాంట్లోవన్నీ కొత్తదాంట్లోకి మారుస్తూ, ఇది ఉంచనా అత్తయ్యా, ఇది తీసెయ్యనా అని ఒక్కొక్కటే అడుగుతూ పోతుంటే, నేను చింతపండులో గింజలు ఏరుకుంటూ, తీసెయ్యి, అదీ తీసెయ్యి అని యథాలాపంగా చెబుతూ ఉన్నాను. చిక్కుడాకు బొమ్మ ఉన్న ఒక ఆకుపచ్చ గుర్తు దగ్గరకొచ్చి, దీన్ని తెరిచి ఎన్నాళ్లయిందో అంటూ వేలు పెట్టబోయేసరికి మాత్రం దాని జోలికెళ్లకని గట్టిగానే అరిచేశాను. పిల్ల బెదిరిపోయింది. ఆ గుర్తులో ఏముందో తనకి చెబుదామనుకున్నాను గాని, చెప్పాలంటే ముందు ట్రంకు కాలు అంటే ఏమిటో దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. నా ఈడువాళ్లకైతే ఆ బాధ లేదు, అందుకని మీకే చెబుతున్నాను.

నేను ఉద్యోగమంతా శ్రీకాకుళం, నరసన్నపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటరుగానే చేశాను. నంబరు అడగండి, కలపండి, ఊసులు పెట్టుకోవద్దు అని పై అధికారులు చెబుతూనే ఉండేవారు గాని, మన వైపు మనిషిని అన్నం తిన్నావా అని అడక్కుండా పని మాట ఎత్తడమంటే, గుమ్మంలోకొచ్చిన చుట్టానికి మంచినీళ్లయినా ఇవ్వకుండా ఎందుకొచ్చావనడంతో సమానం కదా. ధాన్యం షావుకార్ల దగ్గర్నుంచి పురిటి కబురు కోసం ఆత్రంగా ఫోను చేసే ముసలమ్మల దాకా అందరినీ ముందు భోజనమైందా అని అడిగి, ఆ తరువాతే లైను కలిపేదాన్ని. ఒకరిద్దరు విసుక్కున్నా, చాలామంది ఆ ఒక్క మాటకే చల్లబడేవారు. పదవీ విరమణ చేశాక చెయ్యి ఊరుకుంది గాని నోరు ఊరుకోలేదు, ఆ అలవాటు అలాగే ఉండిపోయింది.

ఇక మా అప్ప సంగతి. మా పెద్దక్కని మేం అప్ప అనే పిలిచేవాళ్లం. తనని సముద్రం వైపు పల్లెలో ఇచ్చారు. అత్తవారింటికి పంపేటప్పుడు మా అమ్మ తన కొంగున గుప్పెడు పెరటి చిక్కుడు గింజలు ముడివేసి పంపింది, మా ఇళ్లలో ఆడపిల్లని అలా పంపడం ఆనవాయితీ. నాకూ కట్టేదే గాని నా పెళ్లినాటికి అమ్మ లేదు. ఆ చిక్కుడు తీరే వేరు. కాయ వెడల్పుగా, అంచు పొడుగునా ఎర్రటి గీతతో ఉంటుంది, నువ్వులపొడి వేసి వండితే వీధి చివరికి వాసన తెలుస్తుంది. ఏటేటా అప్ప గింజ తీసి, బూడిదలో కలిపి, ఎండిన ఆనపబుర్రలో పోసి వాసానికి వేలాడదీసేది. తుఫాను వచ్చిన ఏడు ఆ వాసం, బుర్ర, పెరట్లో పందిరి అన్నీ కొట్టుకుపోయాయి. గోడ పెళ్ల మీద పడి అప్ప తుంటి విరిగింది.

నేను తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాను. ఎముక అతికింది గాని మనిషి తిండి మానేసింది. చోడి అంబలి, అదే రాగిజావ, రెండు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది. తింటేనే లేస్తుంది, లేకపోతే మంచానికే అంటుకుపోతుందని డాక్టరు తేల్చి చెప్పేశాడు. బతిమాలాను, తిట్టాను, ఏం చేసినా లాభం లేకపోయింది. "ఒలే గుంటా, నోటికేదీ బాగోనేదే. నా సిక్కుడుకాయ తెచ్చి పెట్టు, అప్పుడు సూడు తింతానో నేదో" అనేది. అరవై దాటినదాన్ని నన్ను చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అనడానికి ఈ భూమ్మీద మిగిలింది తనొక్కతే. బజారు చిక్కుడు కొనుక్కొచ్చి అదే ఇది అని వండిపెడితే, వాసన చూసి కంచం అవతలికి నెట్టేసింది. ఊళ్లో అడిగాను, వాళ్ల పల్లె వెళ్లి అడిగాను. తుఫాను ఎవరి పెరడునీ వదిలిపెట్టలేదు.

అలా వెతుకుతున్న రోజుల్లోనే ఫోనులో ఈ చిక్కుడాకు గుర్తున్న పెరటి తోటలవాళ్ల బృందం కనబడింది. తెలుగువాళ్లే, ఎక్కడెక్కడివాళ్లో మేడల మీద, దొడ్లల్లో వేసుకున్న పాదుల గురించి రాసుకుంటున్నారు. కొత్తగా చేరిన మనిషిని మొలక అనేవారు. మొలకలకి ముందు వాకిలి వరకే ప్రవేశం. లోపల సంత అని ఒకటి ఉంది, విత్తనాల అమ్మకాలు, మార్పిళ్లు అన్నీ అక్కడే, తీగ అనే హోదా వస్తేనే దాని తలుపు తెరుచుకుంటుంది. తీగ కావాలంటే కొన్ని వారాలపాటు తప్పకుండా వస్తూ ఉండాలి, పదిమందికి పనికొచ్చే సంగతులు రాయాలి, అవి బాగున్నాయని పాతవాళ్లు మెచ్చుకోవాలి. మొలకలు సంత బయట విత్తనం అడగకూడదు, విడిగా ఎవరికీ ఉత్తరం రాయకూడదు. అంతకుముందెవరో ఊరూపేరూ లేనివాళ్లు దూరి, డబ్బు పట్టుకుని, పుచ్చు గింజలు అంటగట్టిపోయారట. నిబంధన న్యాయమైనదే, నేను కాదనను. కాకపోతే న్యాయం కోసం చిక్కుడు నాటే ఆషాఢం ఆగదు కదా.

చేరిన మర్నాడే ముందు వాకిట్లో ఒక ఫొటో చూశాను. బొబ్బిలి వైపు ఆవిడెవరో తన పందిరి మీద కాయ ఫొటో పెట్టి, గింజలు కాసిని సంతలో ఉంచానని రాసింది. కాయ అంచున ఎర్రటి గీత! ఫోను పట్టుకెళ్లి అప్పకి చూపిస్తే, మంచం మీంచి ఇంత తల ఎత్తి, "ఓలమ్మా, ఇది నాదే కదే, ఎవులింట్లో ఉన్నాది?" అంది. వారం రోజులుగా లేని ప్రాణం ఆ మనిషి గొంతులో అప్పుడు విన్నాను.

ఇక చూసుకోండి. తీగ కావాలంటే రాయాలన్నారు కదా అని రాయడం మొదలుపెట్టాను. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఏం చేస్తాం, ముందు అందరినీ పలకరిస్తాం. బొబ్బిలి ఆవిడ ఫొటో కింద, అమ్మా భోజనాలయ్యాయా, మీ పాదు చూస్తే మా అప్ప పెరడు కళ్లకు కట్టింది అని రాశాను. ఇంకొకరి వంగతోట కింద, తిన్నారా బాబూ, ఎండల్లో తిరక్కండి అన్నాను. ఎవరి పాదు కనబడితే వాళ్లనీ అలా కుశలమడుగుతూ, నా లెక్క పెరుగుతోందని మురిసిపోయాను. ఒకనాటి పొద్దున్న తెరిచి చూస్తే నేను రాసిన వాటిలో ఒక్కటీ లేదు. బృందం నడిపే ఆయన దగ్గర్నుంచి, విషయం లేని పలకరింపులు లెక్కలోకి రావు, దయచేసి మొదటి నుంచి ప్రారంభించగలరు అని మర్యాదగా ఒక ముక్క వచ్చింది.

మర్యాదగా ఉన్నందుకే మరింత మండింది. తిన్నావా అని అడగడం విషయం కాకపోతే, పాదులకి పట్టే పేనుబంక విషయమా అని ఫోనునే తిట్టాను. సిగ్గూ వేసింది, పెద్దదాన్నయ్యుండి చెత్త పోసినట్టు నా మాటలు ఊడ్చేశారని. వదిలేద్దామనే అనుకున్నాను. అప్ప మాత్రం రోజూ పొద్దున్నే, "ఏటే, తలుపు తీసినారేటి?" అని అడుగుతూంటే ఎలా వదిలెయ్యను? తీసినాక తిందువుగాని, ముందీ అంబలి తాగు అనేదాన్ని. ఆ ఆశకే తాగేది.

అలా పలకరింపులు మింగేసి పేనుబంక గురించే రాశాను. కట్టెల పొయ్యి బూడిద ఎప్పుడు చల్లాలో, ఆనపపాదుకి మగపువ్వులే పూస్తే ఏం చెయ్యాలో, వంశధార గట్టున మా అమ్మ దోసపాదులకి నీళ్లు ఎలా తిప్పేదో, తెలిసినదీ అప్పని అడిగినదీ అన్నీ రాశాను. ముఖం చూడకుండా, పేరు పెట్టి పిలవకుండా, తిన్నావా అని అనకుండా మనిషితో మాట్లాడడం నాకు ఉద్యోగంలో ముప్పై ఏళ్లూ రాలేదు, అక్కడ వచ్చింది. మెచ్చుకున్నారు. ఆషాఢం పోయి శ్రావణం వచ్చాక, ఇక చిక్కుడు నాటితే ఇప్పుడు, లేకపోతే ఈ ఏటికి లేదు అన్న రోజుల్లో, నా పేరు పక్కన మొలక పోయి తీగ వచ్చింది.

ఒక్క ఉదుటున సంతలోకి వెళ్లాను. బొబ్బిలి ఆవిడ ఫొటో ఉంది, కింద అయిపోయాయి అని ఉంది.

ఆ సాయంత్రం అప్పకి ఏం చెప్పాలో తెలియక పెరట్లో నూతి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, ఇక లెక్కల గొడవ లేదు కదా అని ఆ అయిపోయాయి కింద నాకు వచ్చిన మాటే రాశాను. అమ్మా, భోజనాలయ్యాయా, మా అప్ప అదృష్టం ఇంతే, మీ పాదు చల్లగా ఉండాలి అని. దీపం పెట్టే వేళకి ఆవిడ దగ్గర్నుంచి విడిగా కబురొచ్చింది. అమ్మా, అప్పుడు నన్ను తిన్నారా అని అడిగింది మీరేనా, చదివి జవాబు రాసేలోపే తీసేశారు, పేరు గుర్తులేదు, మా ఆయన పోయాక నన్నెవరూ ఆ మాట అడగలేదు, ఎవరో ఏమో అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను అని రాసింది. తన పాదు కోసం దాచుకున్న గింజల్లో సగం పంపిస్తానంది. వెల ఎంతో చెప్పమంటే, "తిన్నావా అని అడిగినోళ్లకి అమ్ముతామేటమ్మా" అంది.

బొబ్బిలి నుంచి బస్సులో పంపింది. నేను బస్సు కాంప్లెక్సుకి వెళ్లి కండక్టరు చేతి మీంచి ఆ పొట్లం అందుకున్నాను. గింజలు చూసి అప్ప, "ముందు తిన్నావేటి? ఆకలి కడుపుతో నాటితే పాదు ఆకలితోనే ఉంటాది. తినేసి నాటు" అంది. నేనొక్కదాన్నే తినడమేమిటి, నువ్వూ తింటేనే నాటుతానని మొండికేశాను. ఇద్దరం ఒకే కంచంలో తిన్నాం. మార్గశిరంలో మొదటి కోత కోసి, నువ్వులపొడి వేసి వండి పెడితే, ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు సాల్నేదే" అని, రెండోసారి వడ్డించమంది. ఆ ఏడే కర్ర పట్టుకుని పెరట్లోకి నడిచింది. మరో రెండు కాపులు తిని, నా చేతుల్లోనే పోయింది.

ఇప్పుడు విత్తనానికి హోదాలూ వద్దు, వారాలూ వద్దు. వేలితో నొక్కితే వాకిట్లో పడుతున్నాయి. తెచ్చినవాడు సంతకం అడుగుతాడు, నేను మంచినీళ్లు తాగుతావా నాయనా అనేలోపు బండి వీధి మలుపు తిరిగిపోతుంది. తప్పని నేననను, వాడి తొందర వాడిది. మా బృందమూ ఎండిపోయింది. ఒకరొకరే మానేశారు, బొబ్బిలి ఆవిడ కబుర్లూ ఆగిపోయాయి, నడిపే ఆయన ఎక్కడున్నాడో తెలియదు. కోడలు కొత్త ఫోనులో దాన్ని జాగ్రత్తగా పెట్టి ఇచ్చాక తెరిచి చూస్తే, ముందు వాకిట్లో అన్నిటికంటే పైన కనబడింది నేను పోయినేడు రాసిందే. అందరి భోజనాలూ అయ్యాయా అని. తీసెయ్యడానికి ఎవరూ లేక, అది అలాగే ఉంది.