బాపు గ్రాఫు, మొండికేసిన ప్రింటరు

తొంభైల చివర్లో పోచంపల్లిలోని మా ఇంట్లో రెండు మగ్గాల మధ్య ఒక లాప్‌టాప్ ఉండేది. హైదరాబాదులో ఏదో ఆఫీసు వాళ్లు తీసేస్తే కొన్న పాతది. అప్పట్లో నేను చిట్యాలలో కంప్యూటరు నేర్పే సెంటర్లో ఉద్యోగం చేసేదాన్ని. పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలోని లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందులో ఎక్కించుకున్నాను. దీన్ని ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని రాసి ఉండటం నాకు నచ్చింది. విప్పడమంటే నాకు మహా సరదా. మళ్లీ బిగించడం దగ్గరే తిప్పలన్నీ.

అదే ఏడు బాపుకు, అంటే మా నాన్నకు, కంటి ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చాక మనుషులు కనబడుతున్నారు, మగ్గం కనబడుతోంది, గ్రాఫు కాగితం మీది చిన్న గడులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మా పనిలో గడి తప్పితే అంతా తప్పినట్టే. ముందు గ్రాఫు మీద పువ్వు గీసి, దాని ప్రకారం నూలుకు సైకిలు ట్యూబు ముక్కలతో ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే నేస్తాం. బాపు బతుకంతా తన పువ్వు తనే గీసుకున్నాడు. ఇప్పుడు నూలిచ్చే సేటు, ముడులు కట్టి రంగులద్దిన నూలే పంపిస్తాను, నువ్వు నేస్తే చాలు అన్నాడట. బాపు సరేననలేదు, కాదనలేదు. వారం గడువు అడిగి వచ్చి, తన పాత గ్రాఫులు ముందేసుకుని కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చోవడం నేను చూడలేకపోయాను.

గడి పెద్దదైతే కనబడుతుంది కదా అన్నది నా ఆలోచన. బాపు పాత గ్రాఫు ఒకటి తీసి గడి గడీ లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. దాన్ని బొటనవేలి గోరంత గడులతో కాగితం మీదికి దింపాలి. మా సెంటర్లో మూలకు పడేసిన వెడల్పాటి డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరును అడిగి, ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాను.

తీరా తగిలిస్తే అది సగం వరస కొట్టి ఆగింది. కొంచెం సేపటికి ఇంకో రెండు చుక్కలు పెట్టి మళ్లీ ఆగింది.

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. అదే నాకు పనికొచ్చింది. ముందు వైరు మార్చాను. ప్రింటరు బటన్ నొక్కి పట్టి స్విచ్ వేస్తే అది తనంతట తాను టకటకా ఒక పేజీ కొట్టేసింది. అంటే దానికేం రోగం లేదు. రోగం లాప్‌టాప్‌లోనే, అందులోనూ ప్రింటరుతో మాట్లాడే డ్రైవరు అనే ప్రోగ్రాములో అనుకున్నాను. నల్లగొండకు పోయి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన సలహాలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించుకొచ్చాను. ఒకటి చేశాను, కాలేదు. ఇంకోటి చేశాను, అదీ కాలేదు. డ్రైవరును మూడుసార్లు తీసి మూడుసార్లు పెట్టాను. నాలుగో రోజు లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌నే కొత్తగా తయారు చేయించాను. దానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది, ప్రింటరు మాత్రం మళ్లీ సగం వరసే కొట్టింది. అమ్మ అటుగా పోతూ, దీనికన్నా నేత నయం కదా అంది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఇంట్లో అందరికీ తెలుసు, అందుకే ఆపమని మాత్రం ఎవరూ అనలేదు.

ఆరో రోజు బాపు వచ్చి నా వెనక నిలబడ్డాడు. లాప్‌టాప్ గురించి ఆయనకేమీ తెలియదు. మగ్గం మీద ఏం చెడినా మా ఇంట్లో అడిగే మొదటి ప్రశ్నే అడిగాడు.

"బిడ్డా, దాన్ల ఆఖరుకు చెయ్యి పెట్టిందెవలు?"

మాకది నింద కాదు. చిక్కుపడిన పోగులను దొరికిన చోటల్లా లాగితే ఇంకా బిగుస్తాయి. ఆఖరి చేతి పని నుంచి మొదలుపెట్టి వెనక్కి విప్పుకుంటూ పోవాలి. నేనేనని చెప్పాను.

"ప్రింటరు కంటె ముంగట ఏం జేసినవ్?"

చెప్పడానికి సిగ్గేసింది. పాటలు వినడానికి సౌండు డ్రైవరు పెట్టుకున్నాను. ఆరు రోజులుగా ప్రింటరు డ్రైవరునే పీకుతూ పెడుతూ ఉన్నానే తప్ప, దాని వెనక ఉన్నదాని వైపు చూడనే లేదు. మగ్గం మీదైతే ఈ తప్పు చిన్నప్పుడు కూడా చేసేదాన్ని కాదు.

లాప్‌టాప్ లోపల ఒక్కో పరికరానికి ఒక పిలుపు నంబరు ఉంటుంది. ఆ పట్టిక తెరిచి చూస్తే ఏడో నంబరును సౌండు పట్టుకుని కూర్చుంది. ప్రింటరుకు కావలసిందీ ఏడే. ఒకే తలుపును ఇద్దరు కొడుతుంటే ప్రింటరు మొర ఆలకించేవాళ్లు లేకపోయారు. పాటలకు దండం పెట్టి సౌండు డ్రైవరు తీసేశాను. గ్రాఫు పంపాను.

ప్రింటరు ఒక వరస పూర్తిగా కొట్టింది. ఆగకుండా రెండోది కొట్టింది. అమ్మ నూలు కండె చుట్టడం ఆపి చూసింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది, కానీ నాకు కావలసింది ఆ ఎలుకే.

అచ్చు పూర్తయ్యాక బాపు ప్రింటరు నుంచి కాగితం చించుకుని వాకిట్లో వెలుగులోకి పోయాడు. కళ్లద్దాలు సర్దుకుని, కాగితాన్ని మోకాళ్ల మీద పరుచుకుని, వేలు పెట్టి గడులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి. కనబడుతున్నాయా అని అడిగే ధైర్యం నాకు లేదు. కనబడటం లేదంటే ఆ తర్వాత చేయడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. ఒకచోట వేలు ఆగింది. వెనక్కి పోయింది. మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది.

"గీడ ఒక గడి ఎక్కువ పెట్టినవ్. రెక్క వంకర పోతది."

పరుగున పోయి చూశాను. నిజమే. ఆరు రోజులు ఆ బొమ్మను కళ్ల ముందు పెట్టుకుని కూడా నేను ఆ తప్పు చూడలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. బాపు నా వైపు చూడకుండా కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు.

"సరిజేసి ఇంకోటి తియ్యి. నేను సేటు తానకు పోయి, కట్టిన నూలు నాకొద్దని చెప్పొస్త."