ఎడమ భుజం మీది పువ్వు

నగర్తపేటలో మా దారాల అంగడికి నాలుగిళ్ళ అవతల అమ్మవారి గుడి ఉంది. అక్కడ పువ్వు అడగడం అనే ఆచారం ఉంది. పూజారి తడిపిన సేవంతి పూలను విగ్రహం రెండు భుజాల మీదా అతికిస్తాడు. అడగాల్సింది మనసులోనే అడిగి ఎదురుగా కూర్చోవాలి. కుడి పువ్వు రాలితే సరే అన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. పెళ్ళి కుదరాలన్నా, అంగడి మార్చాలన్నా మా ఇంట్లో ఆ పువ్వు రాలాల్సిందే. నాకు చిన్నప్పటి నుంచి ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. జరగబోయేది దేవికి ముందే తెలిస్తే అది ఎప్పుడో తేలిపోయినట్టే కదా, ఇంక మనం అడగడం దేనికి?

పోయినేడు అమ్మ గుండెలో వాల్వు మార్చాలన్నారు డాక్టర్లు. మార్చకపోతే ఎక్కువ కాలం బతకదని నాతో విడిగా చెప్పారు. "పువ్వు అడక్కుండా ఆస్పత్రి గడప తొక్కను" అని అమ్మ మొండికేసింది. చేసేది లేక వెంట వెళ్ళాను.

ఇద్దరం కూర్చున్నాం. నమ్మకం లేనివాణ్ణి, నేను కూడా రెప్ప వేయలేకపోయాను. అమ్మ ప్రాణం ఆ రెండు తడి పూల మధ్య ఉందనిపించింది.

ఎడమ పువ్వు రాలింది.

గుడి అని కూడా చూడకుండా కేకలేశాను. "ఆ దేవికి రేపటి సంగతి ఏం తెలుసమ్మా? తడి ఆరితే ఏ పువ్వైనా రాలదా?" మధ్యలోనే ఏడ్చేశాను. అమ్మ నావైపు చాలాసేపు చూసింది. తర్వాత రాలిన పువ్వు అడిగి తీసుకుని, కళ్ళకద్దుకుని కొప్పులో పెట్టుకుంది.

"ఆపరేషన్ లేకుండా ఇట్లే ఉండిపోయేదా అని అడిగినానప్పా. వద్దనింది. ఆస్పత్రికి పోదాం పా."

ఆ క్షణంలో నాకు దేవి మీద ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు చారన్నం తింటూ అమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా. ఆపరేషన్ చేపించుకునేదా అనే నేను అడిగింది."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మా వంశంలో ఎవరూ ఆ పువ్వు మాట దాటలేదు. వద్దన్న పువ్వునే తలలో పెట్టుకుని ఆస్పత్రికి నడిచిందా ఈమె?

"అయితే దేవి చెప్పింది తప్పే కదా?" అన్నాను.

"ఎట్ల తప్పప్పా? సరే అనుంటే ఆయమ్మ మాట మీద పోయుందును. వద్దన్నాక, నువ్వట్ల ఏడుస్తా ఉంటే చూడలేక ఆస్పత్రికి పోయినా. వద్దన్నా నేను పోతానని ఆయమ్మకి ముందే తెలుసు. తెలీనిది నాకే."

పువ్వు ఏ పక్క రాలుతుందో తెలియడం ఏపాటి? ఆ పువ్వును కాదని ఒక తల్లి ఏం చేస్తుందో తెలిసే దేవి దాన్ని రాల్చిందంటే, ఆ తెలివి ముందు నేను ఇన్నేళ్ళూ వేసిన ప్రశ్న ఎంత చిన్నది!

అమ్మ ఇంకొంచెం చారు పొయ్యమని కంచం ముందుకు జరిపింది.