రత్నమ్మ పెద్దమ్మ ఇంటి కోయిల గడియారం

మా చిన్నప్పుడు... కొత్తగూడెంలో మా క్వార్టర్ల వరస చివర, అడవి మొదలయ్యే చోట ఒక పెంకుటిల్లు ఉండేది. సాయంత్రం ఐదయ్యేసరికి అందులోంచి కోయిల ఐదుసార్లు కూసేది. వానాకాలంలోనూ కూసేది... చలికాలంలోనూ కూసేది.

అది గోడ గడియారంలోని కొయ్య కోయిల.

డెబ్బైల చివరి మాట. నాకప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మకు క్షయ వచ్చి వరంగల్ దవాఖానాలో చేర్చారు. పిల్లల్ని లోపలికి రానివ్వరన్నారు. నాన్నకు బొగ్గు బావిలో డ్యూటీ. రెండో షిఫ్టు పడిన వారాల్లో బడి నుంచి వచ్చి తాళం తీస్తే ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు... మూత పెట్టిన అన్నం గిన్నె, దండెం మీద అమ్మ చీర తప్ప.

ఒకరోజు గడప మీద కూర్చున్న నన్ను చూసి రత్నమ్మ పెద్దమ్మ ఆగింది. చుట్టరికమేమీ లేదు, అందరం అలాగే పిలిచేవాళ్లం. భర్త పోయాడు, పిల్లలు లేరు.

"ఒక్కదానివే ఏం జేస్తవు బిడ్డా... రా, మా ఇంట్ల కోయిలను జూపిస్త" అంది.

చిన్న కొయ్య ఇల్లులా ఉండేది ఆ గడియారం. చుట్టూ చెక్కిన ఆకులు. కింద గొలుసులకు రెండు ఇనుప కాయలు, పొడుగు సీతాఫలాల్లా వేలాడేవి. గంట కాగానే చిట్టి తలుపు తెరుచుకుని, పిట్ట ముందుకు వంగి కూసి, లోపలికి పోయేది.

పెద్దమ్మ ఒకప్పుడు విదేశీ ఇంజనీరు ఇంట్లో వంట చేసేదట. వాళ్లు తమ దేశం వెళ్లిపోతూ ఇచ్చిన గడియారం అది.

"వాళ్లది కూడా అడవేనంట బిడ్డా. దొరసాని చెప్పింది. చలికాలం మంచు పడితే నెలలకు నెలలు బయటికి రారంట... మనం వాగు పొంగితే ఇంట్ల కూసున్నట్టు. ఊకె కూసోలేక, అక్కడి రైతులే కట్టె చెక్కి గివి చేసుడు మొదలుపెట్టిన్రంట. రెండొందల ఏండ్ల కింది ముచ్చట."

"మరి పిట్ట ఎట్ల కూస్తది పెద్దమ్మా?"

వెనక చెక్క తీసి చూపించింది. కమ్మరి కొలిమి దగ్గర ఉండేలాంటి తిత్తులు, బొటనవేలంత రెండు. ఒకటి ఊదితే 'కు', రెండోది ఊదితే 'కూ'.

కిందికి జారిన కాయలు మళ్లీ పైకి పోయేలా రోజూ గొలుసులు లాగే పని నాకే అప్పజెప్పింది. ఒక్కరోజు లాగకపోయినా గడియారం ఆగిపోతుంది. అందుకని నాన్న ఇంట్లో ఉన్న వారాల్లోనూ వెళ్లేదాన్ని.

ఒక సాయంత్రం "అమ్మ రాకపోతే?" అని అడిగాను. పెద్దమ్మ పక్కన కూర్చుని నా జడ విప్పి మళ్లీ అల్లింది. "నాకు తెల్వదు బిడ్డా. వచ్చేదాంక నేనున్న గదా" అంది. ఆ మాట ఇంకెవరూ అనలేదు నాతో.

ఎండాకాలంలో అమ్మ వచ్చేసింది. సన్నబడి, నవ్వుతూ...

నేను పెద్దమ్మ ఇంటికి వెళ్లడం మానేశాను. ఎవరూ వద్దనలేదు. అమ్మ కొంగు వదల్లేక నేనే మరిచిపోయాను.

వానలు పడ్డాక ఒకరోజు అమ్మ పచ్చడి గిన్నె ఇచ్చి పంపింది. వెళ్లేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. గడియారం ముళ్లు కదలడం లేదు.

"పాడైందా పెద్దమ్మా?"

"లేదు బిడ్డా, నేనే ఆపిన. ఐదు కూసిందంటే నువ్వొస్తున్నవని తలుపు దిక్కు జూస్తున్న. రోజూ గదే అయితాంది..." గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "అమ్మ మంచిగున్నదా?"

"అవ్, మంచిగున్నది."

గొలుసు మీదికి చెయ్యి పోయింది నాకు. కానీ ఇవాళ లాగితే రేపూ రావాలి... రేపు వస్తానో రానో నాకే తెలియదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ చలికాలమే నాన్నకు ఇల్లందు బదిలీ అయింది. వెళ్లేముందు చెప్పడానికి కూడా పోలేదు. కొన్నేళ్లకు ఎవరో అన్నారు, రత్నమ్మ పోయిందని. గడియారం ఎవరు తీసుకెళ్లారో తెలియదు.

ఇప్పుడు నేనుండే అపార్టుమెంటులో పక్క ఫ్లాట్ వాళ్ల పేరు కూడా నాకు తెలియదు. ఫోన్ చేయకుండా ఎవరూ ఎవరింటికీ వెళ్లడం లేదు...

చెప్పకుండానే వెళ్లడం మానేసిన ఇల్లొకటి మీకూ ఉండే ఉంటుంది. ఆ ఇంట్లో ఎవరుండేవారో... రాయండి, చదువుతాను.