గత్తం కుప్ప వేడి

కొరాపుట్ చలికి మొక్కల ఎరువు కోసం వేసే గత్తం కుప్ప ఓ పట్టాన వేడెక్కదు. మావారికి రాయగడ నుంచి బదిలీ అయి ఈ రైల్వే క్వార్టరుకు వచ్చిన మొదటి ఏడాది, నా కుప్ప వేడెక్కకుండానే కుళ్ళి కంపు కొట్టింది. మరుసటి ఏడాది పద్ధతి మార్చాను. పెరట్లో మూడు వైపులా ఇటుకలు పేర్చి, నాలుగో వైపు వదిలేశాను. ఎండిన పనసాకులు మూడు గంపలు, వంటింటి తుక్కు ఒక గంప, పైన పల్చగా పచ్చిపేడ: ఇలా పొరలు పొరలుగా నడుమెత్తు వేసి గోనెసంచులు కప్పాను. గుప్పెట్లో పిండితే చేయి తడవాలి గాని నీరు కారకూడదు. తడికి అదే కొలత. వేడికి ఇనుప ఊచ. కుప్ప నడుమ గుచ్చి, కాసేపాగి తీసి ముట్టుకుంటాను. ముట్టుకోలేకపోతే కుప్ప పని చేస్తున్నట్టు. ఎప్పుడు తిరగవేసిందీ, ఊచ ఎంత కాలిందీ తేదీ వేసి డైరీలో రాసుకోవడం నా అలవాటు.

మా అత్తగారికి ఈ వ్యవహారం మొదటి నుంచీ నచ్చలేదు.

"కడుపుతో ఉన్న కోడల్ని సూసినట్టు సూస్తావేటమ్మీ ఆ పెంటని? సీమంతం కూడా సేసీ, పేరంటాళ్ళని నాను పిలుస్తాను" అని దెప్పేవారు.

ఆవిడకు ఎన్నో ఏళ్ళుగా చక్కెర వ్యాధి. పాదాలు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. దానికి తోడు ఈ కొండల చలి. "రాయగడలో ఇలగుండీది కాదు. ఈ ఊరు నా కాళ్ళు తినీసింది" అనేవారు.

ఆ డిసెంబరులో కుప్పకు తెరిచి ఉన్న వైపు తరచూ గుంట పడి కనిపించేది. వీధికుక్క పడుకుంటోందనుకుని రాళ్ళు అడ్డం పెట్టాను. మర్నాటికి రాళ్ళు పక్కకు జరిగి ఉండేవి. కుక్క రాళ్ళను జరపదన్న ఆలోచన నాకు రాలేదు.

ఒక శనివారం ఉదయం కుప్ప తిరగవేశాను. అంతవరకు గోరువెచ్చగా ఉన్న అంచులకు లోపల కాగుతున్నదంతా వచ్చింది. ఊచ చేతిలో నిలవలేదు, సంతోషించాను. మధ్యాహ్నం బజారుకు బయలుదేరి, సంచీ మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. పెరటి తలుపు తీసి ఉంది.

అత్తగారు పీట మీద కూర్చుని ఉన్నారు. చీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని, రెండు కాళ్ళూ పిక్కల వరకు కుప్పలో దూర్చారు. కళ్ళు మూసుకున్నారు. ఆ ముఖంలో అంత సుఖం నేనెన్నడూ చూడలేదు.



"ఏటలా గుడ్లప్పగించి సూస్తన్నావు? దెయ్యాన్ననుకున్నావేటి?" అన్నారు కళ్ళు తెరిచి. "నీ గత్తం నానేటీ ఎత్తుకుపోనేదులే. ఇన్నాళ్ళకి నా కాళ్ళకి ఎచ్చ తెలిసిందమ్మీ. ఏన్నీళ్ళు పోసుకున్నా తెలీదు గదా, ఇక్కడ తెలుస్తంది."

తెలిసింది పిక్కలకు. పాదాలకు కాదు. ఆ సంగతి నాకు అర్థమైంది, ఆవిడకు కాలేదు.

"తియ్యండత్తయ్యా, కాళ్ళు తియ్యండి!" అని అరుస్తూ నేనే చేతులు దూర్చి లాగాను. నా వేళ్ళు చురుక్కుమన్నాయి.

ఎడమ పాదం ఎర్రగా కమిలింది. కుడి పాదం అంచున చర్మం తెల్లగా ఉబ్బి, చిటికెన వేలి దగ్గర ఊడి వేలాడుతోంది. ఆవిడ వంగి చూశారు.

"ఆకు అంటుకుంది" అంటూ దాన్ని గిల్లి లాగబోయారు.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు నమ్మలేదు. నిప్పు లేకుండా ఎలా కాలిందని రెండుసార్లు అడిగాడు. కాలిన చోటికి పేడ చేరింది కనుక, పాదం దక్కుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. ఆ రోజు డ్యూటీ మీద రాయగడ వెళ్ళిన మావారు రైలు దిగి తిన్నగా వార్డుకు వచ్చి, "గత్తంలో కాళ్ళు కాలడమేటి?" అని అడిగిందే అడిగారు. నేను కుప్ప లెక్కలన్నీ ఏకరువు పెట్టాను. అవి చెబుతున్నది నేనేనా అనిపించింది.

పాదం దక్కింది. చిటికెన వేలు తీసేశారు. మొదటిసారి కట్టు విప్పినప్పుడు అత్తగారు ఆ ఖాళీని చాలాసేపు చూశారు.

"ఏలు కోసీసినా నొప్పి తెలీనేదంటే, ఇది నా కాలేనా అమ్మీ?" అన్నారు.

అంతవరకు ఆవిడ భయపడలేదు. అప్పుడు భయపడ్డారు.

ఇంటికి వచ్చాక మావారు గునపం తెచ్చి ఇటుకలు పడగొట్టబోతే ఆవిడే అడ్డుపడ్డారు. "దాని పని అది సేసింది. దాన్నేటంటావురా?" నేను చుట్టూ ముళ్ళతీగ కట్టి, తలుపు పెట్టి తాళం వేశాను. ఆ తాళం చూసి ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు సాయంత్రాలు ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుని పిలుస్తారు. "ఎలగున్నాయో సెప్పు." నేను పాదాలకు చెయ్యి ఆనించి, ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

నిన్న "చల్లగా ఉన్నాయత్తయ్యా" అన్నాను.

"అలాగేటి? అయితే మేజోళ్ళు ఎయ్యి" అన్నారు.