కొత్త పెదవి పాట

ఆషాఢ శుద్ధ దశమి, బుధవారం. తెల్లవారగానే ఒక వింత. మా పంతులుగారి గడప తొక్కడం మానేసిన కొట్టు మావయ్య కళ్లు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చాడు. "మీ పంతులుగారు పోయారురా. రేపు సాగనంపేటప్పుడు భజన నేనే ఎత్తుకుంటాను" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

సముద్రం దాటొచ్చి ఈ దీవిలో స్థిరపడ్డ సెయింట్ పియర్ తెలుగువాళ్లారా, ఇది మీకోసమే రాస్తున్నాను. తీపి మాటలు వెతక్కండి.

చెరకు తోటల నుంచి వచ్చిన పిల్లలకు ఆయన సాయంత్రాలు తెలుగు చెప్పేవారు. 'వెన్నెల' అని పలికించి, "కాసేపు నోట్లో ఉంచుకోరా, అప్పుడే మింగకు" అనేవారు. మాటల మీద నాకు ప్రేమ అక్కడే పుట్టింది. శనివారం దీపం చుట్టూ తిరిగే రామభజనకూ ఆయనే పెద్ద. ఆయన చరణం ఎత్తుకుంటే మీరంతా అందుకునేవారు.

ఆయన పొగాకు పీల్చే గొట్టం ఆనే చోట, కింది పెదవి మీద పుండు లేచింది. మానలేదు. రాచపుండని పోర్ట్ లూయీ ఆసుపత్రిలో పెదవి కోసేశారు. రెండు చెంపల నుంచీ కండ లాగి కొత్త పెదవి కుట్టారు. నోరు చిన్నదైపోయి చెంచా పట్టేది కాదు. టీ కారినా ఆయనకు తెలిసేది కాదు. భుజం మీది తువ్వాలు ఎప్పుడూ తడిగానే ఉండేది.

రోజూ పొద్దున్నే అద్దం ముందు కొవ్వొత్తి వెలిగించి ఊదేవారు. గాలి పక్కకు పోయేది, మంట కదిలేది కాదు. "దీనికి పని నేర్పుతున్నానురా. నీకన్నా మొండి శిష్యుడు" అని నవ్వేవారు. ఒకరోజు మంట ఆరింది. ఆ శనివారమే భజనకు బయలుదేరారు.

"ఏం పంతులూ, చెంప తీసి పెదవి చేశారు, ఇక చెవి తీసి నాలుక చేస్తారా?" అన్నాడు కొట్టు మావయ్య. మీరు పగలబడి నవ్వారు.

"నాలుక నాదే ఉంది బావా. నీకు చాలకపోతే కాస్త కోసిస్తా" అని ఆయన చరణం ఎత్తుకున్నారు. రాముడి పేరు నిండుగా పలికింది. మీలో ఒక్కరూ అందుకోలేదు. కోసి కుట్టిన నోట దేవుడి పేరు ఎంగిలన్నారు. నా ఒక్కడి గొంతే వినిపించింది. ఆయన మీవైపు చూసి, మళ్లీ అదే చరణం పాడారు. మళ్లీ పాడారు. తువ్వాలుతో నోరు తుడుచుకుని ఇంటికి నడిచారు.

ఆ తర్వాత ఇంట్లోనే పాడుకునేవారు. ఒక్కో చరణం పాడి ఆగేవారు. ఎందుకు ఆగుతారని అడిగాను.

"వాళ్లకు చోటుంచాలి కదరా" అన్నారు.

ఆ చోటు ఖాళీగానే ఉండగా వెళ్లిపోయారు. రేపు పొద్దున్న భజన కొట్టు మావయ్య ఎత్తుకోడు, నేను ఎత్తుకుంటాను. పాడె మోసేవాళ్లలో నేనూ ఉన్నాను. ఆనాటి చరణమే పాడి, ఆయనలాగే ఆగుతాను. మీరు అందుకునేదాకా పాడెకు భుజం పట్టను.