మా యారాలి పక్కసీటు

మా యారాలు పోయిందన్న కబురు నాకు రాలేదు, నా బిడ్డకు వచ్చింది.

పోయిన నెల ఒకనాడు తెల్లారంగ నేను పొయ్యి మీద చాయ్ పెట్టి నిలబడ్డ. ముందటి అర్రల నా బిడ్డ ఫోన్ మోగింది. చేసింది మా బావ పెద్దకొడుకు. నా బిడ్డ రెండు మాటలు విన్నది, ఫోన్ కింద పెట్టింది, గోడకు ఒరిగి అట్లనే కూలబడ్డది. "పెద్దమ్మ లేస్తలేదట అమ్మా" అన్నది. నిద్రలనే గుండె ఆగింది. జబ్బు లేదు, జ్వరం లేదు. ముందటి దినం కూడ డ్యూటీకి పోయి వచ్చింది.

ఆ గడియల నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు. చెప్తే మీరు నన్ను ఏమనుకుంటరో తెలువది, అయినా చెప్త. ఇంటికి చిన్నకోడలిని నేనుండంగ, నాకు చేయకుంట నా బిడ్డకు ఎందుకు ఫోన్ చేసిండ్రు అనుకున్న. మనిషి పోయిన పొద్దు కూడ కుళ్లుకున్నదాన్ని నేను. ఆమె గురించి రాయాల్నంటే ఆ కుళ్లును దాచిపెట్టి రాయొస్తలేదు.

యారాలు అంటే మా ఆయన అన్న భార్య. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. కోరుట్లల మావి పక్కపక్క గల్లీలు. ఆమె జగిత్యాల దవాఖానల ఆయమ్మగ పనిచేసేది. పద్దెనిమిదేండ్లు రోజూ బస్సుల పోయింది, బస్సుల వచ్చింది.

మా ఊరి సంగతి తెలిసినోళ్లకు తెలుసు. ఇంటికొకలు గల్ఫుల ఉంటరు, ఇంటి ముందట కారు ఉంటది. సగం కార్లు కవర్లు కప్పుకొని గల్లీలనే పడి ఉంటయి, నడిపేటోళ్లు సెలవుల మీద వచ్చిందాక. బస్సు ఆగేకాడ కూడ కార్లే పెడ్తరు. బస్సు నడిరోడ్డు మీద ఆగుతది, ఎక్కేటోళ్లు కార్ల సందులకెల్లి ఉరకాలె. గసువంటి ఊర్ల బస్సు కోసం నిలబడ్డ మనిషిని చూసి, పాపం వీళ్లకు కారు లేనట్టుంది అనుకునుడు మాకు అలవాటు.

మా యారాలికి ఆ బాధ లేకుండె. కొడుకులిద్దరికి బండ్లు ఉన్నయి. పెద్దోడు "నేను దింపుత అమ్మా" అంటే, "నీ వెనుక కూసుంటే గాలే తప్ప ముచ్చట ఏముంటది" అనేది. ఆమె పుట్టింది సిరిసిల్లల. బట్టలు నేసే సాంచాల చప్పుడుల పెరిగినామె కాబట్టి మామూలుగ మాట్లాడినా గట్టిగనే మాట్లాడేది. బస్సుల వెనుక సీట్లకెల్లి పిలిస్తే ముందట డ్రైవర్ కూడ తిరిగి చూసేటోడట. ముగ్గురు కూసునే సీట్ల ఎప్పుడూ నాలుగో మనిషిని కూసోబెట్టేది. "జరుగు బిడ్డ, ఇంకొకలు పడ్తరు" అనేది. ఆడోళ్లకు టికెట్టు ఫ్రీ అయినంక బస్సులు కిక్కిరిసినయి. ఒకనాడు ఒక పెద్దాయన "పైసలు పెట్టినోళ్లం నిలబడాలె, ఫ్రీగ వచ్చినోళ్లు కూసోవాలె" అని సణిగితే, ఆమె లేచి "కూసో అన్నా, నేను దవాఖానకాడికెల్లి కూసునే ఉన్న" అని సీటిచ్చిందట. ఆయన సిగ్గుపడి కూసోలేదట. ఆ సీటు కోరుట్ల దాక ఖాళీగనే వచ్చిందట.

ఈ 'అట'లన్ని నాకు నా బిడ్డ చెప్పినయే. నేను కండ్ల చూసినయి కావు. నా కుళ్లు ఆడనే మొదలైంది.

అందరూ మా యారాలిని మంచిది అనేటోళ్లు. మా అత్త అనేది, ఫోన్ చేసినప్పుడల్లా మా ఆయన అనేటోడు. "వదినె ఎట్లున్నది?" అని అడిగినంకనే "నువ్వెట్లున్నవ్?" అనేటోడు. అవన్ని ఓర్చుకున్న. నా బిడ్డ కాడికి వచ్చేసరికి ఓర్వలేకపోయిన.

నా బిడ్డకు జగిత్యాలల డిగ్రీ సీటు వచ్చింది. మా ఆయన మస్కట్ కెల్లి పైసలు పంపిండు. నేను డ్రైవింగ్ నేర్చుకున్న, తెల్లకారు కొన్న. మా గల్లీల కారు నడిపే ఆడమనిషిని నేనొక్కదాన్నే. బిడ్డను రోజూ నేనే దింపి నేనే తీసుకొస్త, దారిపొడుగుత తల్లీబిడ్డలం మాట్లాడుకుంట పోతం అనుకున్న. పదిహేను దినాలు గట్లనే పోయినం. పదహారోనాడు చెప్పులు ఏసుకుంట అన్నది, "అమ్మా, నేను పెద్దమ్మతోని బస్సుల పోత."

"కార్ల ఏమైంది?"

"ఏం కాలేదు. కార్ల నువ్వు రోడ్డు చూస్తవు, నేను ఫోన్ చూస్త. బస్సుల మంచిగుంటది."

"నిలబడి పోవుడు మంచిగుంటదా?"

"పెద్దమ్మ ఉంటది గద" అన్నది. ఇంకేం చెప్పలేదు, ఉరికింది.

ఆ మాట నన్ను కుదురుగ ఉండనియ్యలేదు. నాలుగు వారాలు చూసి, జగిత్యాలల బట్టలు కొనేది ఉన్నదని నాకు నేనే చెప్పుకొని, కారు తీసి బస్సు వెనుక పోయిన. బస్సు వెనుక అద్దంల కెల్లి ఇద్దరూ కనబడ్డరు, చివరి సీట్ల. నా బిడ్డ తల మా యారాలి భుజం మీద ఉన్నది. నిద్రపోతున్నది. మా యారాలు ఒక చెయ్యి కిటికీ ఊచకూ నా బిడ్డ తలకూ నడుమ పెట్టింది, బస్సు ఎగిరితే దెబ్బ తగలకుంట. ఊరూరికి బస్సు ఆగింది, నేనూ ఆగిన. నా వెనుక కార్లోళ్లు హారన్లు కొట్టిండ్రు, దాటుకుంట నన్ను తిట్టిండ్రు. నాకు దాటబుద్ధి కాలేదు. జగిత్యాల దాక ఆ చెయ్యినే చూసుకుంట పోయిన. నా బిడ్డ నా పక్కన కూసున్న పదిహేను దినాలల్ల ఒక్కనాడు కూడ నిద్రపోలేదు.

ఆ మాపటికి మా యారాలు డ్యూటీ దిగి వస్తు మా ఇంటి ముందట ఆగింది. "చెల్లె, పొద్దుగాల గా తెల్లకారు నీదేనా? బస్సు వెనుక గంత దగ్గర రాకు. డ్రైవర్ సడెన్ బ్రేక్ కొడితే ఎట్ల?" అన్నది. ఎందుకు వచ్చినవని అడగలేదు. అడిగితే ఏదో ఒక అబద్ధం చెప్పి ఊకుందును. అడగనందుకే నాకు మండింది.

"నీకు ఆడపిల్ల లేదని నా పిల్లను గుంజుకుంటున్నవా అక్కా?" అన్న.

ఆమె చేతిల టిఫిన్ డబ్బ సంచి ఉన్నది. దాన్ని ఈ చేతిలకెల్లి ఆ చేతిలకు మార్చుకున్నది. "లేదు చెల్లె" అని ఒక్కమాట అని పోయింది. అంత గట్టి గొంతుమనిషి, ఆ మాట నాకే సరిగ వినబడలేదు.

తెల్లారి నుంచి ఆమె ముందటి బస్సుకు పోవుడు మొదలుపెట్టింది. డ్యూటీ ఎనిమిదికి, ఏడుకే పోయి దవాఖాన ముందట కూసునేదట. నా బిడ్డకు డ్యూటీ టైమ్ మారిందని చెప్పింది. నన్ను బయట పెట్టలేదు. నా బిడ్డ రెండు దినాలు ఒక్కతే బస్సుల పోయి, మూడోనాడు వచ్చి కార్ల కూసున్నది. నేను గెలిచిన. మూడు వారాలు గెలిచినదాని లెక్కనే కారు నడిపిన. నా బిడ్డ కిటికీ దిక్కు మొఖం పెట్టి కూసునేది. ఏమడిగినా "ఊ" అనేది.

మూడు వారాలయినంక కారు గేర్ల కాడ చెడిపోయి షెడ్డుల పెట్టిన. బిడ్డకు ఆనాడు పరీక్ష, నాకు బ్యాంకుల పని. ఇద్దరం బస్సెక్కినం. నేను బస్సెక్కక చానా ఏండ్లయింది. యాడ పట్టుకోవాల్నో, యాడ నిలబడాల్నో సోయి లేదు. నా బిడ్డ మాత్రం ఇంట్ల తిరిగినట్టు తిరిగింది. వెనుక సీటుకాడ నలుగురు ఆడోళ్లు ఆమెను చూసి జరిగిండ్రు.

"ఏం బిడ్డ, కనబడుతనే లేవు? మీ అమ్మ కూడ ముందటి బస్సుకు పోతున్నదట గద" అని అందుల ఒకామె అడిగింది. జగిత్యాలల కూరగాయలు అమ్ముతదట.

"ఆమె మా పెద్దమ్మ. అమ్మ ఈమె" అని నా బిడ్డ నన్ను చూపెట్టింది.

నలుగురూ నన్ను చూసిండ్రు. "అయ్యో, మేం ఆమెనే తల్లి అనుకున్నం" అన్నది కూరగాయలామె.

నడుస్తున్న బస్సుల దిగిపోవాల్ననిపించింది. అప్పుడు కిటికీకాడ కూసున్నామె నన్ను మల్ల చూసి, "నువ్వేనా కారు నడిపే చెల్లెవు?" అని అడిగింది. నేనే అన్న. "మీ అక్క మాకు రోజు నీ ముచ్చటనే చెప్పేది. మా చెల్లె కారు నడుపుతది, మా గల్లీల మొగోళ్లు కూడ గంత మంచిగ నడుపరు, ఒక్కనాడు మిమ్ములందర్ని ఎక్కించుకొని కొండగట్టుకు తోల్కపోతది చూడుండ్రి అనేది. ఏది మరి, ఎప్పుడు తోల్కపోతవ్?" అని నవ్వింది.

నా కార్ల మా యారాలు ఒక్కనాడు కూడ ఎక్కలేదు. ఎక్కుమని నేను పిలువలేదు. పిలువని కారు గురించి బస్సుల గట్ల చెప్పుకున్నది. ఆ నలుగురు జరిగి నాకు సీటిచ్చిండ్రు. జగిత్యాల వచ్చిందాక నేను ఎవ్వరి మొఖం చూడలేదు.

మాపటికి ఆమె ఇంటికి పోయిన. ఆమె చిక్కుడుకాయలు ఒలుసుకుంట కూసున్నది. క్షమించు అనే మాట నాకు నోటికి రాలేదు. "అక్కా, రేపటి కెల్లి నీ బస్సుకే పో. పిల్ల ఒక్కతే పోతే నాకు భయమైతది" అన్న.

ఆమె కాయలు పక్కకు పెట్టి నన్ను చూసింది. "బిడ్డ నీదే చెల్లె. నేను జగిత్యాల దాకనే" అన్నది. "కూసో, చాయ్ పెడ్త" అని లేచింది.

ఆనాటితోని నా కుళ్లు పోయిందని రాస్తే ఈ రాత మంచిగుంటది గానీ అబద్ధమైతది. అది పోలేదు. ఇద్దరూ మల్ల బస్సుల పోయిండ్రు, రెండేండ్లు. నేను గుమ్మంల నిలబడి చూసేదాన్ని. ఒక్కోనాడు బస్సులకెల్లి దిగి, ఏదో ముచ్చటకు నవ్వుకుంట గల్లీ మొదట్లకు వచ్చి, నన్ను చూసి ఇద్దరూ ఒక్కసారే నవ్వు ఆపేటోళ్లు. నాకు చెప్తరు అనుకునేదాన్ని, చెప్పకపోయేటోళ్లు. గానీ నా బిడ్డ మాపటికి ఎప్పుడు వస్తదో అని నేను గడియారం చూసిన దినం ఒక్కటి లేదు. ఆమె పక్కన ఉన్నదని తెలుసు. ఆ నిమ్మళం నాకు ఇచ్చింది ఆమెనే. బతికుండంగ ఒక్కసారి కూడ ఈ మాట ఆమెకు చెప్పలేదు.

ఆమె పోయిన పొద్దు నా బిడ్డ పెద్దమ్మ శవం మీద పడి ఏడ్చిన ఏడుపు చూసి, నేను పోతే గింత ఏడుస్తదా అనుకున్న. ఆ ఏడుపుల నేనూ ఏడ్చిన. ఎవలికోసం ఏడ్చిన్నో నాకే తెలువది.

పదకొండోనాడు దినాలకు ఆ నలుగురు ఆడోళ్లు వచ్చిండ్రు. మా చుట్టాలకు వాళ్లెవరో తెలువలేదు. నా బిడ్డ పోయి వాళ్లను తోల్కవచ్చి కూసోబెట్టింది. అన్నాలు తిన్నంక జగిత్యాల బస్సుకు పోతమని లేచిండ్రు. మిట్టమధ్యాహ్నం ఎండ. "బస్టాండు దాక నేను దింపుత" అన్న. నలుగురూ నా బిడ్డా కలిసి కార్ల ఇరుక్కున్నరు. కూరగాయలామె నా పక్కన కూసున్నది.

కారు కదిలిందో లేదో ముచ్చట మొదలుపెట్టిండ్రు. వాన పడి బస్సు ఆగిపోయిననాడు మా యారాలు అందరితోని పాటలు పాడిపిచ్చిన ముచ్చట. కొత్త కండక్టర్ పిల్లకు దారిల కడుపునొప్పి లేస్తే, బస్సును దవాఖాన గేటు దాక తోలిపిచ్చిన ముచ్చట. నాకు ఒక్కటి కూడ తెలువది. నా బిడ్డకు అన్ని తెలుసు, నడుమల నడుమల వాళ్లను సరిచేస్తున్నది. నేను కారును నిమ్మళంగ నడిపిన. వెనుకకెల్లి హారన్లు కొట్టిండ్రు, దాటిపోయిండ్రు.

బస్టాండు వచ్చింది. కారును పక్కకు ఆపి ఇంజన్ బంద్ చేసిన. ఎవ్వలూ తలుపు తీయలేదు, ముచ్చట ఇంకా ఒడువలేదు. "ఇంకేం అనేది మా అక్క?" అని అడిగిన. అడుగుతుంటే లోపల అదే పాత కుళ్లు. అయినా అడిగిన. కూరగాయలామె నా దిక్కు తిరిగి ఇంకోటి అందుకున్నది. అద్దంల నా బిడ్డ కనబడ్డది, వెనుక సీట్ల ఆ ముగ్గురి నడుమ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని. పదకొండు దినాల తర్వాత మొదటిసారి నవ్వుతున్నది.

జగిత్యాల బస్సు వచ్చి మా ముందట ఆగింది. నిండింది, పోయింది. కార్లకెల్లి ఎవ్వలూ దిగలేదు.